ఏనుగులు కాని పదకొండు వేల గేదెలు

నాగులేరు సంతలో తాడిబోయిన గురవయ్యకు ఉన్నవి మూడు. ఒకటి, పందొమ్మిదో గుంజ. రెండు, భుజం మీద ఎర్రగళ్ల తుండుగుడ్డ. మూడు, నోటి మాట.

గుంజ నీళ్లతొట్టికి దగ్గర, వేపచెట్టు నీడలో ఉంది. అక్కడ కట్టిన గేదె మిట్టమధ్యాహ్నం కూడా తల వేలాడెయ్యదు. తల ఎత్తి నిలబడ్డ గేదె సగం అమ్ముడుపోయినట్టే. తుండుగుడ్డ బేరానికి. దాని కింద అమ్మేవాడూ కొనేవాడూ చెయ్యి చెయ్యి కలిపి, వేళ్లు పట్టుకుని, నొక్కి, ధర తేల్చుకుంటారు. చుట్టూ వందమంది నిలబడ్డా మూడోవాడికి ముక్క తెలియదు. ఇక నోటి మాట. పూటకు ఇన్ని లీటర్లు, ఇన్నో ఈత అని గురవయ్య చెప్పింది ఎనిమిది రోజుల్లో తప్పని తేలితే గేదెను వెనక్కి తోలుకు రావచ్చు. ముప్పై ఒక్క ఏళ్లలో అట్లా వెనక్కొచ్చినవి నాలుగు. మూడు గురవయ్య పొరపాట్లు. నాలుగోది కనకం.

కనకం సంగతి చెప్పాలంటే ముందు ఆఫీసు సంగతి చెప్పాలి.

రెండేళ్ల కిందట సంత గేటు పక్కగదికి సున్నం వేసి, ‘సమగ్ర పశు అనుబంధ జాల కేంద్రం’ అని బోర్డు తగిలించారు. దానికి అధికారి పరాంకుశరావు. ఆయన గదిలోకి వస్తే ముందు జేబులో పెన్నులు, తర్వాత పొట్ట, ఆఖరికి ఆయన వచ్చేవారు. కంప్యూటరు దగ్గర హైమావతి అనే అమ్మాయి. సంతతో సంబంధం ఉన్న ప్రతి మనిషీ, ప్రతి గేదె, ప్రతి గుంజా తెర మీద ఒక చుక్క. ప్రతి చుక్కకూ ఒక లేబుల్: వర్తకుడు, గేదె, గుంజ. లేబుల్ కింద లక్షణాలు: పేరు, వయసు, రంగు, ఇంకా చాలా. చుక్కకూ చుక్కకూ మధ్య గీతలు. గీత మీద దాని పేరు: అమ్మాడు, కొన్నాడు, కట్టాడు.

“ముగ్గు పెట్టినట్టుందే అమ్మాయ్,” అన్నాడు గురవయ్య మొదటిసారి చూసి.

“అంతే బాబాయ్. పెట్టడం నా పని. తొక్కడం ఆఫీసు పని,” అంది హైమావతి.

అప్పట్లో పైవాళ్లకు నింపడం మీద మోజు. గేదె ఒక్కదానికి అరవై నాలుగు లక్షణాలు రాయాలి.

“తోక పొడవెంత బాబాయ్?”

“ఈగను తోలుకునేంత.”

“సెంటీమీటర్లలో చెప్పాలి.”

“అయితే ఈగనే అడుగు.”

వర్తకులను కూడా వదల్లేదు. గురవయ్య చెప్పుల సైజు, రక్తం గ్రూపు, ఇష్టమైన ఋతువు రాసుకున్నారు. అప్పటిదాకా తన చేతుల మీదుగా పోయిన గేదెలన్నిటినీ గురవయ్య మూడురోజులు కూర్చుని, కాగితం ముక్క చూడకుండా, చెప్పి రాయించాడు. ఆరువందల గీతలు తేలాయి. ఆ లెక్క చూసి పరాంకుశరావు కూడా కుర్చీలో కొంచెం ముందుకు జరిగారు. జరిగి, తమ ఇంట్లో ఒక గేదె ఉందనీ, దాన్ని పందొమ్మిదో గుంజకు కట్టి అమ్మిపెట్టాలనీ అన్నారు.

ఆ గేదే కనకం. “రెండో ఈత,” అన్నారు ఆయన. గేదె ఈనినప్పుడల్లా కొమ్ము మీద ఒక వలయం పడుతుంది. కనకం కొమ్ము మీద రెండే ఉన్నాయి, ఆముదం రాసి నిగనిగలాడుతున్నాయి. గురవయ్య నోరు తెరిచి పళ్లు చూడబోతే, “శాఖాపరంగా ధ్రువీకరించాం గురవయ్యా, నోటితో పనేముంది?” అన్నారు. గిరాకీ వేళ, పైగా ఆఫీసరు. గురవయ్య చూడలేదు. చౌటపాలెం నుంచి వచ్చిన కోటమ్మ కొనుక్కుని, ఆరోరోజున గేదెను తోలుకుని తిరిగొచ్చింది.

“ఏం గురవయ్యా, నాకు గేదెనిచ్చావా, మా అత్తకు తోడిచ్చావా? పూటకు లీటరున్నర. పళ్లు చూడు, అరిగి చిగుళ్లకు అంటుకున్నాయి.”

చూశాడు. ఆరో ఈత. నాలుగు వలయాలను ఎవరో గాజుపెంకుతో గీకి, ఆముదం పట్టించారు. ఉన్నవి తీసెయ్యడమనే విద్య, ముందుముందు సంతంతా చూడబోయేది, పరాంకుశరావుకు అప్పటికే వచ్చని ఈ లెక్కన తేలుతుంది. గురవయ్య కోటమ్మకు వేరే గేదెనిచ్చి పంపి, ఆఫీసుకు పోయాడు.

“సారూ, అది ఆరో ఈత గేదె.”

“జాలంలో రెండు అని ఉంది. వ్యవస్థ అసత్యం పలకదు.”

“గేదె పలుకుద్ది సారూ, నోరు తెరిస్తే.”

“గేదె పలికినది రికార్డు కాజాలదు.”

అప్పటినుంచి కనకం గురవయ్య కొట్టంలోనే ఉంది. రెండో ఈత అని చెప్పి అమ్మడానికి నోరు రాదు, ఆరో ఈత అని చెప్పి అమ్మడానికి రికార్డు ఒప్పుకోదు. రోజూ పొద్దున్నే కుడితి కలుపుతూ అతని భార్య ఆదెమ్మ, “సారుగారి గేదెకు ఇంకో చెంబు పొయ్యమంటావా, ఫైలు చూసి చెప్తావా?” అనేది. రెండేళ్లు. గురవయ్య బతుకు లెక్కలో తేలకుండా మిగిలిపోయిన పద్దు అదొక్కటే.

*

ఈ ఏడు మాఘమాసంలో పైనుంచి కొత్త ఉత్తర్వు దిగింది. నింపినవాళ్లే, నింపినందుకు చింతించారు.

“అధిక లక్షణభారం వలన జాలం ఊబకాయమునకు లోనగుచున్నందున, తన్నివారణార్థం భారవిమోచన పక్షోత్సవములు నిర్వహించవలెను. తొలగింపబడిన ప్రతి లేబులునకు, ప్రతి లక్షణమునకు ఒక మార్కు. చేర్పులు ప్రోత్సహింపబడవు. అనివార్యమైనచో కేంద్రమునకు దినమునకు ఒక్క చేర్పు ఆదేశం మాత్రమే అనుమతింపబడును. ప్రథమస్థానం పొందిన అధికారికి శాలువాతో సన్మానం.”

పరాంకుశరావు ఉత్తర్వు మొత్తం చదివారు గాని, ‘శాలువా’ దగ్గర రెండుసార్లు చదివారు.

మొదటి రెండురోజులు చెప్పుల సైజులూ, ఇష్టమైన ఋతువులూ, తోకల పొడవులూ పోయాయి. ఎవరికీ బాధ కలగలేదు. అయినా కేంద్రానికి పద్నాలుగో స్థానమే వచ్చింది. మూడోరోజు పరాంకుశరావు కంప్యూటరు వెనక నిలబడి చాలాసేపు ఆలోచించారు.

“హైమావతీ, ఒక చుక్కకు అసలు లేని లేబుల్‌ను తీసెయ్యమని ఆదేశమిస్తే కంప్యూటరు ఏమంటుంది?”

“ఏమీ అనదు సార్. సరే అంటుంది.”

“తప్పని చూపదా?”

“లేనిదాన్ని తీసేస్తే దానికేం నష్టం సార్? ఎన్ని చుక్కల మీదుగా పోయిందో మాత్రం లెక్క చూపిస్తుంది.”

ఆ సాయంత్రం నాగులేరు జాలంలోని పదకొండు వేల గేదెల మీదనుంచి ‘ఏనుగు’ అనే లేబుల్‌ను తొలగించారు. పదకొండు వేల మార్కులు. మర్నాడు ‘ఒంటె’ను తొలగించారు. ఆ మర్నాడు ‘ఖడ్గమృగం’. కేంద్రం మొదటి స్థానానికి ఎగబాకింది. సంతలో ఒక్క ఏనుగు కూడా మిగలకుండా చేసిన దక్షతను మెచ్చుకుంటూ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు.

ఇరవయ్యో గుంజ మస్తాన్, గురవయ్యకు తమ్ముడి లాంటివాడు, ఫ్లెక్సీ కింద నిలబడి అన్నాడు: “అన్నా, ఏనుగులు పోయినాయంట.”

“మంచిదేగా.”

“ఎప్పుడొచ్చినాయో చూళ్లా. పోయేటప్పుడన్నా పిలవాల్సింది.”

‘తిమింగలం’ దగ్గర పైవాళ్లకు అనుమానం వచ్చింది. ఈ జిల్లాకు సముద్రం లేదు. ఉన్నవి తీస్తేనే మార్కు, లేనివి తీస్తే చెల్లదు అని సవరణ వచ్చింది. వేల మార్కులు ఒక్కపూటలో ఆవిరయ్యాయి. ఇక పరాంకుశరావు ఉన్నవాటి మీద పడ్డారు.

గాలికుంటు సోకిన మూడువందల గేదెల మీద ‘వ్యాధిగ్రస్త’ అనే లేబుల్ ఉంది. తీసేశారు. సంత వ్యాధిరహితమైందని ప్రకటించి, మందుల పెట్టెలతో వచ్చిన డాక్టరును గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. పోతూపోతూ డాక్టరు ఒక గేదె నోట్లోంచి కారుతున్న చొంగను చూసి ఆగాడు. “అది వ్యక్తిగతం,” అన్నారు పరాంకుశరావు. ‘వట్టిపోయిన’ అనే లేబుల్ తీశారు. జిల్లాలో పాలివ్వని గేదె లేకుండా పోయింది. తర్వాత ఈతల సంఖ్య, పాల లెక్క, పళ్లు, వయసు, పేరు, ఆఖరికి రంగు.

“నలుపే కదా సార్, అన్నీ,” అంది హైమావతి.

“అందుకే అనవసరం. గేదె అంటే గేదె. మిగతాదంతా అభిప్రాయం.”

గేదె మీదున్న ‘గేదె’ అన్న లేబుల్‌ను మాత్రం తియ్యలేకపోయారు. చెవికి నంబరు పోగు ఉన్న ప్రాణి మూల లేబుల్‌ను ముట్టుకోరాదని పాత చట్టం ఒకటి అడ్డం వచ్చింది. గుంజలు సర్కారువి, వాటినీ ముట్టుకోరాదు. చెవికి పోగు లేనివి, సర్కారువి కానివి, మనుషులే.

సోమవారం నాలుగు గంటలకు రెండువందల పద్నాలుగుమంది ‘వర్తకుడు’ లేబుళ్లను, వాళ్ల పేర్లతో సహా తీసేశారు. మంగళవారం పొద్దున గేటుకు కొత్త ఫ్లెక్సీ: ‘రాష్ట్రంలోనే తొలి దళారీ రహిత సంత’.

*

ఆ మంగళవారమే గురవయ్య గుంజ చీటీ కోసం వచ్చాడు. చీటీ ఏటా మార్చుకోవాలి. ఆదివారం నుంచి పాడిగేదెల సీజను. ఇంటి దగ్గర ఏడు చూడి గేదెలు సిద్ధంగా ఉన్నాయి. పందొమ్మిదో గుంజ దగ్గర ఉంటానని ఎనిమిది ఊళ్లకు కబురు చేశాడు. గురవయ్య కావలసినవాళ్లు గురవయ్య ఇంటికి రారు, పందొమ్మిదికి వస్తారు. అది లేకపోతే అతను సంతలో ఏడు గేదెలతో తిరిగే ముసలివాడు మాత్రమే.

“వర్తకులకే గుంజ,” అన్నారు పరాంకుశరావు. “ప్రస్తుతం సంతలో వర్తకుల సంఖ్య సున్నా.”

“మరి నేనెవర్ని సారూ?”

“గురవయ్యా, ఇక్కడొక సూక్ష్మభేదం గ్రహించాలి. నువ్వు తొలగింపబడలేదు. నీ లేబుల్ తొలగింపబడింది.”

“అంటే ఉన్నానా?”

“నిస్సందేహంగా.”

“ఎవరిగా?”

“ఎవరిగానూ కాదు. స్వచ్ఛంగా ఉన్నావు.”

“ఈ స్వచ్ఛంకన్నా పూర్తిగా తీసేస్తే పోయేదిగా సారూ?”

“కుదరదు,” అని పరాంకుశరావు నిజంగానే బాధపడ్డారు. “గీతలున్న చుక్కను తుడవడానికి యంత్రం సమ్మతించదు. నీకు గీతలు మరీ ఎక్కువ. అయినా విను. శుక్రవారం సాయంత్రం ఐదుకు వర్తకుడు లేని గుంజలన్నీ ఆదర్శ వినియోగానికి మళ్లుతాయి. పందొమ్మిదిని సెల్ఫీ స్థలంగా ప్రతిపాదించాం. నీడ బాగుంది.”

“గేదెలతో సెల్ఫీనా?”

“గేదెలు వెలుతురుకు అడ్డం. బొమ్మగేదెను పెడతాం.”

ఫోను రావడంతో ఆయన లోపలికి వెళ్లారు. గురవయ్య కంప్యూటరు దగ్గరికి జరిగాడు. ఎవరి మీదా పేరు లేదు. తెరనిండా బోసి చుక్కలు.

“ఇందులో నేనేదమ్మా?”

“నాకూ తెలీదు బాబాయ్. పేర్లు పోయాయిగా.”

“అన్నిటికన్నా గీతలెక్కువున్న చుక్క చూపించు.”

చూపించింది. హైమావతి గీతలు లెక్కపెట్టింది. ఈ రెండేళ్లవీ కలిపి ఆరువందల నలభై. గీతల మీద పేర్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి: అమ్మాడు, అమ్మాడు, కొన్నాడు, అమ్మాడు.

“వీటి పేర్లు తియ్యలా?”

“గీతకు పేరు తీయడం కుదరదు బాబాయ్. గీత ఉంటే పేరుంటుంది. సార్ మూడురోజులు కుస్తీ పట్టారు.”

గురవయ్య ముగ్గును చూసినట్టు కాకుండా ఈసారి గేదెను చూసినట్టు చూశాడు, ముందునుంచి, పక్కనుంచి. పందొమ్మిదో గుంజకు కొంచెం పక్కన లావుపాటి చుక్క ఒకటి. దానికి వరసగా లేబుళ్లు. దాన్నుంచి ఒకే ఒక్క గీత బయల్దేరి ఒక గేదె దగ్గరికి పోయింది. గీత మీద ‘అమ్మాడు’ అని ఉంది.

“ఇన్ని లేబుళ్లు ఎవరివమ్మా?”

“ఇంకెవరివి? సార్‌వి. ఇరవై ఒకటి.”

గురవయ్య ఆ గీతను వేలితో చివరిదాకా తడిమాడు. చివర ఉన్న గేదె పేరు పోయింది గాని, దాని కుడితి ఖర్చు గురవయ్యకు నోటికొచ్చు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

*

శుక్రవారం పొద్దునకు నాగులేరు రెండో స్థానంలో ఉంది. ఇరవై మార్కుల తేడాతో తుమ్మలకుంట కేంద్రం ముందుంది. తీయడానికి నాగులేరులో ఇంకేమీ మిగల్లేదు. పన్నెండు గంటలకు పరాంకుశరావు కన్ను తన సొంత చుక్క మీద పడింది. అధికారి, నోడల్ అధికారి, కన్వీనరు, సహ కన్వీనరు, పర్యవేక్షకుడు, ఉత్తమ ఉద్యోగి, అత్యుత్తమ ఉద్యోగి... ఇరవై ఒకటి. ఇరవై తీస్తే సమానం. ఇరవై ఒకటి తీస్తే గెలుపు.

“నావి తీసెయ్ హైమావతీ.”

“ఒకటన్నా ఉంచమంటారా సార్?”

“ఆదర్శం నాతోనే మొదలవ్వాలి. అన్నీ.”

“అన్నీనా?”

“ఒకసారి చెప్పాను.”

తీసేసింది. నాగులేరు మొదటి స్థానానికి వచ్చింది. పరాంకుశరావు భోజనానికి వెళ్లి పెరుగు రెండోసారి వడ్డించుకున్నారు.

రెండు గంటలకు పైనుంచి ఆఖరి ఉత్తర్వు దిగింది: “లేబులు రహిత బిందువుల వలన జాలము నిరర్థకముగా విస్తరించి యున్నది. కావున నేటి సాయంత్రం ఐదు గంటలకు లేబులు లేని బిందువులన్నియు, వాటి గీతలను తెంచి, శాశ్వతముగా తుడిచివేయబడును.”

భోంచేసి వచ్చిన పరాంకుశరావు హాజరు యంత్రం మీద వేలు పెట్టారు. అది ఎర్రగా వెలిగింది. మళ్లీ పెట్టారు. మళ్లీ ఎరుపే. హైమావతి ఉత్తర్వు చేతికిచ్చింది. ఆయన పై కార్యాలయానికి ఫోన్ చేశారు.

“నాగులేరు అధికారిని మాట్లాడుతున్నాను.”

“చూస్తానుండండి... నాగులేరులో అధికారి ఎవరూ లేరండీ.”

“నేనే కదా మాట్లాడుతున్నది!”

“మీరు కాదండీ, అధికారి ఎవరైనా ఉంటే మాట్లాడమనండి.”

హైమావతి కబురు అందుకుని నాలుగింటికి గురవయ్య, మస్తాన్ వచ్చేసరికి పరాంకుశరావు కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. పూర్తిగా కూర్చోవడానికి అర్హత ఉందో లేదో తేల్చుకోలేకపోతున్నట్టుంది.

“ఈ కేంద్రం మొత్తానికి లేబుల్ ఉన్న మనిషిని నేనొక్కదాన్నే మిగిలా,” అంది హైమావతి. “నాది తీస్తే కంప్యూటరు కొట్టేవాళ్లుండరని వదిలేశారు సార్. ఇవాళ ఒక్క చేర్పు ఆదేశం ఇవ్వగలను. ఒక్కటే. ఎవరికివ్వాలో మీరూ మీరూ తేల్చుకోండి. నాకు ఐదుంబావుకు బస్సు.”

“అధికారి లేనిదే వ్యవస్థ లేదు,” అన్నారు పరాంకుశరావు. “ముందు నన్ను పునఃస్థాపించాలి. పిమ్మట నేను నీ గురించి సానుకూలంగా పరిశీలిస్తాను.”

“పిమ్మట నేను ఉంటేగా సారూ? ఐదింటికి తుడిచేస్తారంటగా. గుంజ పోద్ది, ఆరువందల నలభై గీతలు పోతాయి. రేపు మీరు పరిశీలించడానికి చుక్కన్నా ఉండదు.”

“త్యాగం అలవర్చుకోవాలి గురవయ్యా.”

“మీరు మధ్యాహ్నం అలవర్చుకున్నారుగా. ఎట్టా ఉంది?”

మస్తాన్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. గడియారం నాలుగున్నర చూపిస్తోంది. గురవయ్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. భుజం మీద తుండుగుడ్డ తీసి బల్ల మీద పరిచాడు.

“సారూ, ఇద్దరం మిగిలే ఉపాయం నా దగ్గరొకటి ఉంది. ఊరికే చెప్పను.”

“లంచమా?” అని పరాంకుశరావు కళ్లు పెద్దవి చేశారు. ఇవ్వవలసి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

“రూపాయి వద్దు. చెయ్యి ఇటివ్వండి. కనకం ఎన్నో ఈతో వేళ్లతో చెప్పండి. గుడ్డ కిందే చెప్పండి, ఎవరికీ తెలీదు. నిజం చెప్తే ఉపాయం మీది.”

పరాంకుశరావు కాసేపు గడియారాన్ని, కాసేపు తుండుగుడ్డను చూశారు. చెయ్యి గుడ్డ కిందకు పోనిచ్చారు. గురవయ్య అరచేతిలో రెండు వేళ్లు పెట్టారు.

గురవయ్య చేతిని విదిలించాడు.

నాలుగూ నలభై. మూడు వేళ్లు. గురవయ్య తల అడ్డంగా ఆడించాడు. “ఆరువందల నలభై గేదెల నోళ్లు తెరిచిన చెయ్యి సారూ ఇది.”

నాలుగూ నలభై ఎనిమిది. నాలుగు వేళ్లు, చెమటతో.

“బస్సు, బాబాయ్,” అంది హైమావతి.

నాలుగూ యాభై మూడు. పరాంకుశరావు కళ్లు మూసుకుని గురవయ్య చేతిని మొత్తం గట్టిగా పట్టుకున్నారు. అది ఐదు. వదిలి, ఒక్క వేలు నొక్కారు.

గురవయ్య గుడ్డ తీసేశాడు. “ఇంకొకటి. కనకాన్ని మీరు వెనక్కి తీసుకోవాలి. ఆదివారం వచ్చి మీ చేత్తో మీరే అమ్ముకోవాలి.”

“సరే, సరే! ఉపాయం చెప్పు!”

“హైమమ్మా, ఒక్క ఆదేశమంటే ఒక్క మనిషికా, ఒక్క మాటకా?”

“ఒక్క మాటకు బాబాయ్. అది ఎంతమందికి తగిలినా ఒక్కటే లెక్క.”

“అయితే రాయి. ఏ చుక్క దగ్గర ‘అమ్మాడు’ అనే గీత మొదలవుతుందో, ఆ చుక్కలన్నిటికీ ‘వర్తకుడు’ అని లేబుల్ పెట్టు.”

హైమావతి నవ్వు దాచుకుని కొట్టింది. నాలుగూ యాభై తొమ్మిదికి తెర మీద లెక్క తేలింది.

“రెండువందల పదిహేను,” అంది.

“మనం రెండువందల పద్నాలుగుమందే కదా?” అన్నాడు మస్తాన్.

“ఇంకొకరు కూడా ఒక గేదెను అమ్మారు మస్తాన్ భాయ్.”

పరాంకుశరావు లేచి తెర దగ్గరికి వెళ్లి తన చుక్కను చూసుకున్నారు. బోసిగా లేదు. దాని మీద ఒక లేబుల్ ఉంది. ఒక్కటే. గడియారం ఐదు కొట్టింది. ఎవరూ తుడిచిపెట్టుకుపోలేదు.

“రేపు,” అన్నారు ఆయన, “ఒక్క చేర్పుతో నన్ను అధికారిని...”

“రేపటి నుంచి ఉగాది దాకా చేర్పులు నిషేధం సార్,” అని హైమావతి ఇంకో కాగితం చూపించి, సంచీ తీసుకుని బస్సుకు పరుగెత్తింది.

*

శనివారం పై కార్యాలయం నుంచి మనిషి వచ్చాడు, ప్రథమ బహుమతి శాలువాతో. దాన్ని అధికారికి తప్ప ఇతరులకు ఇవ్వరాదని రాసి ఉంది. జాలంలో అధికారి దొరకలేదు. శాలువాను మళ్లీ మడతపెట్టి తీసుకుపోయాడు.

ఆదివారం పొద్దున ‘దళారీ రహిత సంత’ అన్న ఫ్లెక్సీ కింద రెండువందల పద్నాలుగుమంది హైమావతి రాసిచ్చిన గుంజ చీటీలు జేబులో పెట్టుకుని గేదెలను కట్టారు. పందొమ్మిదో గుంజ దగ్గర ఏడు చూడి గేదెలు తల ఎత్తి నిలబడ్డాయి. ఎనిమిదోది కనకం. దాని పలుపు పట్టుకుని పరాంకుశరావు. జేబులో పెన్నులు అట్లాగే ఉన్నాయి.

“గుంజ దగ్గర కాస్త చోటిచ్చావు. సంతోషం,” అన్నారు.

“వర్తకుడికి చోటివ్వకపోతే ఎట్టా సారూ,” అన్నాడు గురవయ్య. “కొద్దిగా జరగండి, ఎండ మీ గేదె మీద పడుతోంది.”

పది గంటలకు కోటమ్మ వచ్చింది. ఒక చూడి గేదెను చూసింది, ఇంకోదాన్ని చూసింది, కనకం దగ్గర ఆగింది. రెండేళ్లయినా గుర్తుపట్టింది. గుర్తుపట్టనట్టు మొహం పెట్టి, పలుపు పట్టుకున్నాయన్ని అడిగింది.

“ఎన్నో ఈత నాయనా?”

“ఆ లక్షణం,” అన్నారు పరాంకుశరావు, “భారవిమోచనలో భాగంగా తొలగింపబడిందమ్మా. ప్రస్తుతం గేదె అంటే గేదె.”

గురవయ్య కనకం మూతి పక్కన రెండు వేళ్లు పెట్టి, పెదవి పైకెత్తి, నోరు తెరిచాడు. పళ్లు అక్కడే ఉన్నాయి. అరిగి, పచ్చబడి, వరసగా ఉన్నాయి. కొమ్మును గాజుపెంకుతో గీకినాయన వాటి జోలికి పోలేకపోయాడు. చుట్టూ పది పదిహేనుమంది చేరారు. మస్తాన్ కూడా తన గేదెను వదిలేసి వచ్చాడు.

“వేళ్లతో చెప్పారుగా సారూ,” అన్నాడు గురవయ్య మెల్లగా. “ఇప్పుడు నోటితో.”

పరాంకుశరావు గేదె నోట్లోకి చూశారు. చుట్టూ ఉన్న మొహాల్లోకి చూశారు.

“ఆరు,” అన్నారు.

“వినపళ్లా,” అంది కోటమ్మ.

“ఆరో ఈత. పూటకు లీటరున్నర.” అంతటితో ఆగినా సరిపోయేది. “కొమ్ములు గీకించింది నేనే.”

కోటమ్మ కనకం మెడ నిమిరింది. “మా చిన్నపిల్ల పెరుగుకు లీటరున్నర చాల్లే,” అంది.

గురవయ్య భుజం మీదనుంచి తుండుగుడ్డ తీసి, దులిపి, వాళ్లిద్దరి మధ్య పట్టుకున్నాడు.

“ఇప్పుడు చేతులు కలపండి.”